ఇంటిపేరు గడిలో పద్మలత

ఆదివారం పొద్దున నేను మటన్ కడుగుతుంటే మా ఆయన చంద్రమోహన్ పేపర్ మడిచి పక్కన పెట్టి, "ఆ కమిటీ సారు అన్నదాంట్ల తప్పేమున్నది పద్మా? పెండ్లయినంకనే గద నువ్వు జర గాడిల పడ్డది" అన్నాడు. నేను ముక్కలకు ఉప్పూ పసుపూ ఇంకాస్త గట్టిగా పట్టించాను. ఆయన భూపాలపల్లి గనుల్లో ఇంజనీరు. వారానికోసారి జనగామ ఇంటికొస్తాడు. వచ్చినప్పుడల్లా నన్ను ఒక మెట్టు కిందికి దించి, మటన్ తిని పోతాడు.

కమిటీ సంగతి చెబుతాను. నేను మహబూబాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ లెక్చరర్‌ని. పీహెచ్‌డీ చేసే పిల్లలకు గైడుగా ఉండటానికి యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకున్నాను. గైడు కావాలంటే మన పరిశోధన పత్రాలను లోకంలో ఎందరు తమ పత్రాల్లో ప్రస్తావించారో చూస్తారు. దానికి హెచ్-ఇండెక్స్ అని ఒక కొలత. అది ఐదు ఉండాలంటే కనీసం ఐదు పత్రాలను, ఒక్కోదాన్ని ఐదుసార్లయినా, ఎవరో ఒకరు ప్రస్తావించి ఉండాలి. వాళ్లకు ఐదు కావాలి. ఆ లెక్క చూపే సైటులో నా పేరు కొడితే రెండు చూపించింది. కమిటీ పెద్దమనిషి ఆ రెండు వైపు చూసి, "పెళ్లయి స్థిరపడ్డాక సరదాగా మొదలుపెట్టారన్నమాట" అని నవ్వాడు. సరదా అట! రోజూ రైల్లో నిలబడి పోయి, సాయంత్రం ల్యాబ్ తాళం నేనే వేసుకుని వచ్చేది సరదాకా? నా సంగతి పోనీ, జఫర్‌గఢ్ పిల్ల సౌందర్య ఎంట్రెన్స్ పాసై నా దగ్గరే చేస్తానని కూర్చుంది. బూజు పట్టిన మక్కజొన్నల్లో చేరే విషం మీద ఈ చుట్టుపక్కల పనిచేసేది నేనొక్కదాన్నే. రేపటిలోగా లెక్క సరిచేసి చూపించకపోతే ఈ ఏడు ఆ పిల్ల సీటు పోతుంది.

నిన్న తిరుగు రైలు కేసముద్రంలో ఆగింది. మార్కెట్ యార్డు నుంచి వచ్చిన మక్కల లారీలు గేటు దగ్గర బారుగా నిలబడి ఉన్నాయి. పెళ్లికి ముందు ఆ యార్డులోనే వానకు తడిసిన కుప్పల దగ్గర కూర్చుని, సంచుల్లోకి గింజలు ఏరుకునేదాన్ని. నా పత్రాల్లో అందరూ ఎక్కువగా ప్రస్తావించింది ఆ గింజల మీద రాసినదాన్నే. అప్పుడు తట్టింది. కమిటీ ముందు పెట్టిన లెక్కలో ఆ పత్రమూ లేదు, పెళ్లికి ముందు రాసినవి ఏవీ లేవు. ఎట్లా ఉంటాయి? అవి రాసింది ఎనగందుల పద్మలత. కమిటీ ముందు నిలబడింది వేముల పద్మలత. పెళ్లయిన నెలకే మా ఆయన, ఆధార్‌లోనూ బ్యాంకులోనూ మా ఇంటిపేరు పెట్టించుకో, రేపు పిల్లల బళ్లో పరేషాన్ కావద్దు అన్నాడు. పెట్టించుకున్నాను. జీతం ఆ పేరు మీదే వస్తోంది కదా అని పత్రాల మీదా అదే రాశాను. కంప్యూటర్ మమ్మల్ని ఇద్దరు ఆడవాళ్లనుకుంది. ఒకామె పెళ్లినాటితో పని మానేసింది. ఇంకొకామె మూడేళ్ల తర్వాత ఎక్కడి నుంచో ఊడిపడింది. నడుమ మూడేళ్లు బాలింతగా, కోడలిగా, వంటమనిషిగా తిరిగినామె ఆ ఇద్దరి లెక్కలోనూ లేదు. నాకు రైల్లోనే ఏడుపొచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది.

మటన్ కుక్కర్‌లో పెట్టి, పొయ్యి గట్టు మీదే లాప్‌టాప్ తెరిచాను. మా అత్తమ్మ చిలుకమ్మ ఎల్లిగడ్డలు ఒలుస్తూ, ఆ లెక్క ఏందని అడిగింది.

"నేను రాసినదాన్ని ఎందరు యాది చేసుకున్నరో గా లెక్క అత్తమ్మా."

ఆమె చేతులు ఆగాయి. "యాది చేసుకునుడుకు గూడ లెక్కున్నదా బిడ్డా? యాభై ఏండ్ల సంది వండుతున్న. ఇయ్యాల్టిదాక ఎవ్వడన్న నా పేరు తీసిండా?" అంది. మా ఆయన పేపర్ మళ్లీ తెరిచాడు.

రెండు పేర్లనూ ఒకే మనిషివని చూపించి కలపడానికి ఆ సైటులో దారి ఉంది. పాత సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్ ఎక్కించాను. కాసేపటికి ఇద్దరు పద్మలతలూ కలిసిపోయారు. కొలత ఏడు చూపించింది. ఏడు! రెండు కుక్కర్ కూతలు నాకు వినబడనే లేదు. వెంటనే సౌందర్యకు ఫోన్ చేసి, రేపు నాతో యూనివర్సిటీకి రమ్మన్నాను. ఆ పిల్ల ఫోన్లోనే ముక్కు చీదింది.

చివరికి సైటు, ఇకమీద పేరు ఎట్లా కనబడాలని అడిగింది. మా ఆయన లేచి వచ్చి నా భుజం మీదుగా వంగాడు. వేముల అని పూర్తిగా పెట్టు, మావాళ్లు చూసినా బాగుంటది అన్నాడు. అంతలోనే ఆగి, తెర మీద వేలు పెట్టాడు.

"గిదేంది, తప్పు పడ్డది. ఇంటిపేరు గడిల నీ పేరున్నది. దిద్దు."

నిజమే. మనకు ఇంటిపేరు ముందు, మన పేరు వెనుక. ఆ సైటు నడిపే విదేశాలవాళ్లకు చివరి మాటే ఇంటిపేరు. ఇన్నేళ్లుగా ఆ గడిలో పద్మలత అనే ఉంది, నేనే చూసుకోలేదు. ఎనగందులా, వేములా రెండూ పక్క గడిలో ఒక్కో పొడి అక్షరమై ఒదిగి కూర్చున్నాయి. వాటి మీద నాకు కోపం రాలేదు. ఉండనిచ్చాను.

వెనుక నుంచి అత్తమ్మ, "ఏమని ఉన్నదే ఇంటిపేరు?" అంది.

"పద్మలత" అని, దిద్దకుండానే సేవ్ నొక్కాను.