చింతపండుతో తోమిన తీగ

సలాహుద్దీన్ బేరానికి భయపడే మనిషి కాదు. సరుకు చేతిలోకి తీసుకుంటే దాని బరువు తెలుస్తుంది, మనిషి నోరు తెరిస్తే వాడి అవసరం తెలుస్తుంది. ఈ రెండూ తెలిసినవాడికి బజారులో నష్టం రాదని అతని లెక్క. అట్లాంటివాడికి ఆ శనివారం పొద్దున, ఇబ్రహీంపట్నం సర్కారు బడిలో పదో తరగతి గది చివరి బెంచీ మీద కూర్చోగానే అరచేతులు చెమట పట్టాయి.

ఆ రోజు తల్లిదండ్రుల సమావేశం. ముందు బల్ల మీద పిల్లలు తయారు చేసిన స్పీకర్లు వరుసగా పెట్టి ఉన్నాయి. కాగితం కప్పు, దాని అడుగున అంటించిన రాగితీగ చుట్ట, ఆ చుట్టకు ఎదురుగా ఒక అయస్కాంతం. చూడటానికి పిల్లల ఆటసామాను లాగే ఉన్నాయి. కానీ వాటిలో ఉన్న రాగి అంతా, అయస్కాంతాలన్నీ సలాహుద్దీన్ దుకాణం నుంచి వచ్చినవే.

బస్టాండు వెనక, సాగర్ రోడ్డుకు దిగే సందులో అతనిది పాత సామాన్ల దుకాణం. విరిగిన కుర్చీలు, కాలిపోయిన మోటార్లు, పాత ఫ్యాన్లు, బొంగులూరు వెంచర్లలో మిగిలిన వైరు ముక్కలు అన్నీ అక్కడికే వస్తాయి. కూతురు మెహెక్ ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు తుక్కువాడి కూతురని ఎవడో పిల్లాడు "కబాడీ పోరి" అన్నాడు. అప్పటి నుంచి తండ్రి ఏం చేస్తాడని ఎవరడిగినా మెహెక్ "మా అబ్బాది బిజినెస్" అని ఊరుకుంటుంది. సలాహుద్దీన్ అది విన్నాడు. పిల్లను బండి మీద బడికి తీసుకొచ్చినా గేటు దాకా రాడు, మూలమలుపు దగ్గరే దింపేస్తాడు. బండి వెనక ఎప్పుడూ ఏదో ఒక తుక్కు కట్టి ఉంటుంది మరి. దుకాణం అన్నం పెడుతోంది, పిల్ల దాని పేరు చెప్పదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని, ఇదీ ఒక ఖర్చే అనుకుని సర్దుకున్నాడు.

అయితే మొన్న కరెంటుకూ అయస్కాంతానికీ సంబంధం చెప్పే పాఠం వచ్చినప్పుడు, ఫిజిక్స్ చెప్పే శోభ టీచర్ పిల్లలతో, "బొమ్మ గీసి మార్కులు తెచ్చుకునుడు కాదు, స్పీకర్ చేసి మోగించాలె. మోగకపోతే ఎందుకు మోగలేదో మీరే దొరకబట్టాలె" అన్నదట. రాగితీగ ఎవరు తెస్తారంటే క్లాసంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. అప్పుడు మెహెక్ లేచి, "మా అబ్బా దగ్గర ఉంటది టీచర్. మాది పాత సామాన్ల దుకాణం" అన్నదట.

ఆ మాట దుకాణం దగ్గరికి వచ్చి మెహెక్ మామూలుగానే చెప్పింది. సలాహుద్దీన్ మాత్రం తలతిప్పుకుని, తక్కెడ కింద రాళ్లు సర్దుతున్నట్టు కాసేపు అట్లాగే వంగి ఉండిపోయాడు.

ఇక ఇచ్చే సరుకు మామూలుదైతే ఎట్లా? పాత ఫ్యాన్ల నుంచి సన్న తీగ విప్పాడు. దాని మీద గోధుమరంగు పూత ఉంటుంది. అతని వ్యాపారంలో ఆ పూత మురికి కింద లెక్క. పూత ఉన్న రాగికి ఒక రేటు, కాల్చి శుభ్రం చేసిన రాగికి ఇంకో రేటు. డబ్బాలో మంట పెట్టి తీగ కాల్చాడు. నల్లబడ్డదాన్ని చింతపండు నీళ్లలో నానబెట్టి, రాగి బిందెను తోమినట్టు తోమాడు. పైన కొబ్బరిపీచుతో రుద్దాడు.

"చారుకు పెట్టిన చింతపండంత తీస్కపోయినవ్. తీగకు పోస్తవా చారు?" అని భార్య సయీదా కసిరింది.

తీగ బంగారంలా మెరిసింది. కాల్చినందుకు దారంలా మెత్తబడింది కూడా. మెహెక్ చేతికి చుట్టుకుని చూసుకుని నవ్వింది. ఆ నవ్వే తనకు మిగిలిన లాభం అనుకున్నాడు.

ఈలోగా శోభ టీచర్‌ను ఏదో సర్వే డ్యూటీకి వేశారు. టీచర్ లేని రోజుల్లోనే పిల్లలు చుట్టలు చుట్టేశారు. మెహెక్‌ది సన్నని చేయి, వరుస తప్పకుండా చుడుతుందని అన్ని గుంపుల వాళ్లూ తమ చుట్టలు ఆమెతోనే చుట్టించుకున్నారు.

ఇప్పుడు ఆ చుట్టలకే పరీక్ష.

హెడ్మాస్టర్ అమరేందర్ ప్రార్థనకు వాడే ఆంప్లిఫయర్‌ను తానే మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "శోభ మేడం, ఇది కాలితే సోమవారం ప్రార్థనకు నేనే గొంతు చించుకోవాలె. అన్నం గంట దాకనే మీకు టైము. ఇది అయ్యే పని కాదంటే ఇగ రోజూ స్లిప్ టెస్టులే, చెప్తున్న" అన్నాడు.

మొదటి గుంపు వినీత్‌ది. ఫోన్‌లో వార్తలు పెట్టి ఆంప్లిఫయర్‌కు కలిపాడు, అక్కడి నుంచి రెండు వైర్లు తీసి తీగ కొసలకు తగిలించాడు. ఏమీ వినిపించలేదు. కప్పు దగ్గర చెవి పెట్టాడు. ఏమీ లేదు. ఆంప్లిఫయర్ ఎర్రలైటు ఒకసారి కొట్టుకుని ఆరింది.

రెండో గుంపు వచ్చింది. అదీ మోగలేదు. మూడోదీ అంతే. ఆంప్లిఫయర్ మీద చేయి పెట్టిన అమరేందర్ చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కున్నాడు.

సలాహుద్దీన్ పక్కన కూర్చున్న బాలనర్సింహ పెద్ద చెరువులో చేపలు పట్టే మనిషి. మెల్లగా ఒరిగి, "ఏం భాయ్, ఇంతమందిని పిలిచి మౌనం పాటిస్తున్నరా? ఎవలన్న పోయిన్రా?" అన్నాడు. చుట్టుపక్కల తల్లులు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

సలాహుద్దీన్ నవ్వలేదు. మెహెక్ వైపు చూశాడు. పిల్ల బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"కంగారు పడకుండ్రి" అంది శోభ టీచర్. ఆమె మొహంలోనూ రంగు తగ్గింది గానీ గొంతు మాత్రం తొణకలేదు. "మోగలేదంటే కారణం ఉంటది. ఒకసారికి ఒక్కటే మార్చాలె, మిగిలినవి ముట్టొద్దు. నేను చెప్పను. మీరే చెప్పాలె. ముందు దేన్ని అనుమానిస్తరు?"

"ఆంప్లిఫయరే ఖరాబయ్యింది టీచర్" అన్నాడు వినీత్.

పాత రేడియోలోంచి తీసిన అసలు స్పీకర్ ఒకటి తగిలించారు. వార్తలు చదివే ఆవిడ గొంతు గది నిండా ఖంగుమంది. ఆంప్లిఫయర్ నిర్దోషి.

"అయితే మాగ్నెట్లు."

సలాహుద్దీన్ ఊపిరి బిగబట్టాడు. అయస్కాంతాలు పాత టీవీల్లోంచి అతను ఊడదీసినవే. వినీత్ ఒకదాన్ని కిటికీ ఊచకు ఆనించాడు. టక్కున అతుక్కుంది. లాగితే ఊడలేదు. పిల్లలు నవ్వారు. సలాహుద్దీన్ కొద్దిగా ఊపిరి వదిలాడు. తన సరుకులో సగం గట్టెక్కింది.

తర్వాత కప్పు మార్చారు. మెత్తనిది తీసి గట్టిది పెట్టారు. మోగలేదు. వైర్లు మార్చారు. మోగలేదు. ఒక్కొక్క వస్తువు నిర్దోషి అని బయటపడ్డకొద్దీ మిగిలినదాని మీద అనుమానం బరువెక్కుతోంది. ఊళ్లో దొంగతనం జరిగితే ఇంటింటికీ వెతుక్కుంటూ వచ్చినట్టు, వెతుకులాట తన దుకాణం గుమ్మం దాకా వచ్చిందని సలాహుద్దీన్‌కు తెలుస్తోంది. లేచి వెళ్లిపోదామా అనిపించింది. మెహెక్‌ను చూసి ఆగాడు.

"ఇగ చుట్టలే ఉన్నయి" అన్నాడు వినీత్. "చుట్టలన్నీ మెహెక్ చుట్టినవే."

తీగ కరెంటును ఎంత ఆపుతుందో అంకెలో చూపే మీటరును శోభ టీచర్ మెహెక్ చేతికిచ్చింది. "అవ్, నువ్వే చూడు. చుట్ట రెండు కొసలకు పెట్టు."

మెహెక్ పెట్టింది. అంకె సున్నా దగ్గరే ఆగింది. కనుబొమలు ముడిచింది. చుట్ట ఊడదీసి, తీగను బల్ల పొడవునా చాపి మళ్లీ పెట్టింది. ఈసారి అంకె పెరిగింది. మళ్లీ చుట్టింది. అంకె పడిపోయింది.

"తీగ అదే. పొడుగు అదే. చుడితే ఎందుకు తగ్గుతున్నది?" అని తనలో తానే అన్నట్టు అంది. రెండు వేళ్ల మధ్య తీగను పట్టి కొస నుంచి కొస దాకా నిమిరింది. పాత స్పీకర్లోని చుట్టను తీసి పక్కన పెట్టి చూసింది. ఆ చుట్ట తీగ గోధుమరంగులో ఉంది. తన తీగ బంగారంలా మెరుస్తోంది.

ఆమె చేయి ఆగిపోయింది. తలెత్తి వెనక బెంచీ వైపు చూసింది. ఒక్క క్షణమే. చూపు మళ్లీ దించేసుకుంది.

ఆ చూపుతో సలాహుద్దీన్‌కు లెక్క మొత్తం తెలిసిపోయింది. తాను మురికి అనుకుని కాల్చి పారేసిందే ఇక్కడ అసలు సరుకు. ఆ పూత ఉంటేనే ఒక చుట్టు ఇంకో చుట్టుకు తగలకుండా కరెంటు తీగ పొడవునా తిరుగుతుంది. పూత లేకపోతే చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఒక్క రాగి ముద్దే. కరెంటు అడ్డదారిన పోతుంది. చింతపండు పెట్టి తోమి మరీ, బడికి తుక్కు అంటగట్టాడు.

"దొరికిందా మెహెక్?" అంది శోభ టీచర్.

"దొరికింది టీచర్." మెహెక్ తీగను గుప్పిట్లో మూసేసింది. "తప్పు నాదే. చాన గట్టిగ చుట్టిన."

"నాకు ముందే డౌట్ టీచర్" అన్నాడు వినీత్. "మంచిగ చుడ్తదని దీనికి ఇస్తే మా అందరివి ముంచింది."

అమరేందర్ చేతి గడియారం చూసుకున్నాడు. "సరే మేడం, చూసినం కదా. ఇగ సర్దండి."

సలాహుద్దీన్ బజారులో ఇరవై ఏళ్లుగా ఒకటే నియమం పాటిస్తున్నాడు. సరుకు తేడా వస్తే కొన్నవాడికి వాడటం రాలేదని అనుకోనివ్వాలి, అమ్మినవాడు నోరు విప్పకూడదు. ఇప్పుడు నోరు విప్పకపోతే ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో కళ్లముందే కనిపిస్తోంది. పిల్ల దాన్ని ఏరికోరి నెత్తినేసుకుంది. విప్పితే, "మా అబ్బా దగ్గర ఉంటది" అని పదిమందిలో అన్న మాట పరువు పోతుంది. రేపు మళ్లీ "మా అబ్బాది బిజినెస్" అంటుంది. ఎటు తూచినా తక్కెడ నిలవలేదు. కానీ చేయని తప్పు పిల్ల మోయడం అనేది ఏ లెక్కలోనూ ఇమడలేదు.

లేచి నిలబడ్డాడు.

"టీచరమ్మా, పిల్ల చుట్టుడు మంచిగనే ఉన్నది. తీగనే ఖరాబు. నేనే కాల్చిన. మెరుస్తదని పైపూత కాల్చి, తోమి ఇచ్చిన. గట్ల చెయ్యొద్దని నాకు తెల్వలే."

అందరి తలలూ వెనక బెంచీ వైపు తిరిగాయి. మెహెక్ చెవులు ఎర్రబడ్డాయి.

"అబ్బా, నువ్వు కూసో" అంది మెల్లగా.

"కూసోను బేటా. టీచరమ్మా, కాల్చని తీగ ఉంటే మోగుతదా?"

శోభ టీచర్ అతన్ని ఒకసారి తేరిపార చూసింది. "మోగాలె భాయ్. తొందరగ తెస్తరా? సార్, గంట కొట్టెదాకా ఆగుదాం."

అమరేందర్ సర్దబోయిన వైరును మళ్లీ బల్ల మీద పెట్టాడు. అదే ఒప్పుకోలు అనుకుని సలాహుద్దీన్ బయటికి ఉరికాడు.

బండి మీద దుకాణానికి పోతున్నంతసేపూ ఒకటే గుబులు. వారం వారం తీగంతా కాల్చి పెట్టేస్తాడు. పూతతో ఉన్నది మిగిలిందో లేదో. డబ్బాలోకి తొంగి చూశాడు, బూడిద. అటక వెతికాడు, ఇనుము. చివరికి తలుపు వెనక, ఇంకా విప్పని పాత ఫ్యాన్ ఒకటి దొరికింది. విప్పే ఓపిక లేక ఫ్యాన్‌నే చంకన పెట్టుకుని వచ్చాడు. ఈసారి మలుపు దగ్గర ఆగాలన్న సంగతే గుర్తులేదు. తుక్కుతో, మసితో నేరుగా గేటు లోపలికి వచ్చేశాడు.

ఫ్యాన్ విప్పి తీగ లాగి ఇచ్చాడు. మెహెక్ చుట్టడం మొదలుపెట్టింది. వరుస తప్పలేదు. కప్పుకు అంటించి, కొసలు తగిలించింది.

మోగలేదు.

సలాహుద్దీన్ వంగి తీగ మీద పూత ఉందో లేదో మళ్లీ చూసుకున్నాడు. వినీత్ ఏదో అనబోయి, అతని మొహం చూసి ఆగిపోయాడు. అమరేందర్ గడియారం వైపు చూస్తూ, "మేడం..." అన్నాడు.

"మెహెక్, మీటరు" అంది శోభ టీచర్. "ఒక్కటే చూడు. ఏం చెప్తున్నది?"

"ఇంతకుముందు సున్నా వచ్చింది టీచర్. ఇప్పుడు అంకెనే వస్తలేదు. కరెంటు లోపలికే పోతలేదు." మెహెక్ కొసను వేలితో గీకింది. గోరుకు గోధుమరంగు అంటింది, కొస మీదా పూతే. అట్లాగే ఆగి, తల వెనక్కి తిప్పి పిలిచింది.

"అబ్బా! అగ్గిపెట్టె ఉన్నదా?"

అతని చొక్కా జేబులో అగ్గిపెట్టె లేని రోజు లేదు.

"ఈ రెండు కొసలు కాల్చి తోమియ్యి. కొసలే. నడుమ ముట్టకు."

"క్లాసురూముల అగ్గా?" అన్నాడు అమరేందర్, కానీ ఒక అడుగు ముందుకు జరిగి చూశాడు.

సలాహుద్దీన్ పుల్ల గీశాడు. ఎన్నో మణుగుల రాగి కాల్చిన చేయి, వేలెడంత తీగను మంట అంచుకు మెల్లగా ఆనించింది. మంట నడిమికి పాకకుండా గోటితో అడ్డం పట్టాడు. గోరు కాలుతున్నా తీయలేదు. నల్లబడ్డ కొసను చొక్కా అంచుతో రుద్దితే ఎర్రటి రాగి తేలింది. రెండోదీ అంతే.

మెహెక్ కొసలు తగిలించింది. కప్పు అడుగున ఏదో గీరినట్టయింది. తర్వాత సన్నగా, నేలమాళిగలోంచి వచ్చినట్టు, వార్తలు చదివే ఆవిడ గొంతు వచ్చింది. ఫ్యాను గాలికే అణిగిపోయేంత చిన్న గొంతు. ఎవరో లేచి పైనున్న ఫ్యాను ఆపారు.

గదంతా చెవులు రిక్కించింది. బాలనర్సింహ ముందుకు వంగి, "అవ్, ఏదో అంటున్నది" అన్నాడు.

వినీత్ వంగి కప్పుకు చెవి ఆనించి లేచాడు. తన చుట్టలోని మెరిసే తీగను పీకి పక్కన పడేసి, ఫ్యాన్ తీగలోంచి ఒక బారెడు తెంపుకున్నాడు. "అంకుల్, మాది గూడ కాల్చియ్యరా? కొసలే."

వాడి వెనక రెండో గుంపు పిల్ల శివాని నిలబడింది. ఆమె వెనక ఇంకొకరు.

"తోసుకోకుండ్రి" అంది మెహెక్, బల్ల మీద ఫ్యాన్‌ను తన వైపు లాక్కుంటూ. "ముందు చుట్టిచ్చుకోండ్రి, తర్వాత కొసలు. మా అబ్బా ఒక్కడే ఉన్నడు."

అన్నం గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు. అమరేందర్ ఆంప్లిఫయర్ మీద చేయి పెట్టి, వేడి చూసి, తీసుకుపోకుండా అక్కడే నిలబడ్డాడు.

సలాహుద్దీన్ వరుసను ఒకసారి చూశాడు. అగ్గిపెట్టెలో పుల్లలు సరిపోతాయో లేదోనని చెవి దగ్గర పెట్టి ఊపి చూసుకున్నాడు.