గుండె బలం లేనోళ్లకు దండోరా

డోన్‌లో వేరుశనగ వ్యాపారం చేసే రామకోటయ్య శెట్టి, తండ్రి పోయిన ఏడాదికి ఒక ధర్మకార్యం తలపెట్టాడు. ముసలాయన గుండె ఆగి పోయాడు. కర్నూలు నుంచి డాక్టరు రైలు దిగేసరికి ఇక్కడ పాడె కట్టడం కూడా అయిపోయింది. అందుకని ఊళ్లోనే ఒక డాక్టరును పెట్టి, గుండెజబ్బు మనుషులకు ఉచితంగా మందిప్పించాలని శెట్టి సంకల్పం. మంచి సంకల్పమే, ఎవరు కాదన్నారు? చందాలు బాగానే పోగయ్యాయి. సత్రం పక్కన గది దొరికింది. గుండె చప్పుడు వినే కొత్త గొట్టం మెడలో వేసుకుని డాక్టరు కూర్చున్నాడు. పురోహితుడు ఆలోచించి ఆలోచించి దానికి 'హృదయ సంరక్షణ ధర్మ సంఘము' అని నామకరణం చేశాడు.

దండోరా వేసే ఏసేపుకు ఆ పేరు నోరు తిరగలేదు. తిరిగినా పల్లెల్లో ఎవరికి అర్థమవుతుంది? జనానికి తెలిసే మాటలు తనే వెతుక్కున్నాడు పాపం. చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి తప్పెట కొడుతూ, "గుండె బలం లేనోళ్లంతా డోనుకు రావాలహో! గుండె లేనోళ్లకు రామకోటయ్య శెట్టి ఊరికే మందిస్తాండాడహో!" అని గొంతు చించుకున్నాడు.

ఇంకెవరొస్తారు? ఆ సీమలో ఒక మగవాణ్ణి పట్టుకుని నీకు గుండె లేదంటే తల పగులుతుంది. అట్లాంటిది, నాకు లేదు మహాప్రభో అని వాడంతట వాడే బజారున పడి వస్తాడా? ఎగశ్వాసతో మంచం పట్టినవాడు కూడా "నాకేమప్పా, రాయి మాదిరి ఉండా" అన్నాడు. డాక్టరు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. మా తాలూకాలో గుండెజబ్బే లేదని శెట్టి మొదట సంతోషించాడు, తర్వాత దిగులు పడ్డాడు. రోగులు లేని ధర్మం ఏం ధర్మం?

ఆ దండోరా విని గుండె గుభేలుమన్నది ఒక్క గంగక్కకే. ఆమె మొగుడు కంబన్న, రామకోటయ్య శెట్టి బండ్లకు కావలి. పల్లెల నుంచి శనక్కాయల బండ్లు రాత్రిళ్లు డోను స్టేషనుకు కదిలితే, ముందు బండి మీద కంబన్న గుదియకర్ర పట్టుకుని కూర్చునేవాడు. అతను దగ్గితే చాలు, దొంగలు దారి మార్చుకునేవాళ్లు. "మా కంబన్నది గుండె కాదు, గుండ్రాయి" అని శెట్టి నలుగురిలో మురిసిపోయేవాడు. ఆ మాట మీదే అతని కూడూ గుడ్డా నడుస్తున్నాయి.

ఆ గుండ్రాయి సంగతి గంగక్కకు తెలుసు. కొంతకాలంగా కంబన్న వెల్లకిలా పడుకోలేడు. గోడకు చేరగిలబడి, నోరు తెరుచుకుని, గాలి కోసం కొట్టుకుంటాడు. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు.

"డోనుకు పోదాం రా మామా. ఊరికే చూస్తారంట."

"గుండె లేదని చెప్పుకోమంటావా? రేపు బండ్లెక్కనిస్తాడా శెట్టి? దానికన్నా సచ్చేది మేలు."

"సస్తే నాకేం మేలు?" అని గంగక్క కసిరింది. అతను అటు తిరిగి కూర్చున్నాడు. ఇట్లాంటి మొండిఘటంతో ఏం మాట్లాడతాం?

మర్నాడు ఆమె చెంగు నడుముకు బిగించి డోనుకు బయల్దేరింది. నడవలేదు, పరుగెత్తింది. ఎండలో, గులకరాళ్ల దారిలో, ఆగకుండా పరుగెత్తి, సత్రం గదిలో డాక్టరు ముందు కూలబడింది. "గుండె సామీ... పండుకుంటే ఊపిరాడదు... కాళ్లు వాస్తాయి" అని కంబన్న జబ్బునంతా తన జబ్బుగా ఒప్పజెప్పింది. కాళ్లు మాత్రం చీర కిందనుంచి బయటపెట్టలేదు. డాక్టరు గొట్టం పెట్టి విన్నాడు. లోపల తప్పెట మోగుతోంది. ఎన్నాళ్లకు దొరికింది రోగి! పరమానందంగా చుక్కల మందు సీసా ఇచ్చి, ప్రతి నెలా వచ్చి తీసుకుపొమ్మన్నాడు.

"నీ పేరు మీదైతే తాగుతా," అన్నాడు కంబన్న ఉదారంగా.

గంగక్క నెలనెలా అట్లాగే పరుగెత్తి సీసా తెచ్చేది. మందు పనిచేసింది. కాళ్ల వాపు దిగింది. కంబన్న మళ్లీ మంచం మీద వెల్లకిలా పడుకుని గురకపెట్టాడు. ఆ గురక వింటూ గంగక్క సంతోషంతో ఏడ్చింది. బయట మాత్రం ఆమెకు 'గుండె లేని గంగక్క' అని పేరు పడిపోయింది. నీళ్లకు పోతే ఆడవాళ్లు, "పిల్లి ఎదురొస్తే నీ గతేమక్కా?" అని ఏడిపించేవాళ్లు. బండ్లవాళ్లు ఎగతాళి చేస్తే కంబన్న కూడా మీసం కింద నవ్వి, "ఆడది గదప్పా, ఏం జేస్తాం" అనేవాడు. ఆమె పళ్లు బిగబట్టి ఊరుకునేది. నవ్వనీ, నవ్వేందుకు మనిషి మిగిలాడు కదా అనుకునేది.

ఏడాది తిరిగింది. శెట్టి సంఘానికి వార్షికోత్సవం పెట్టాడు. కర్నూలు పెద్దమనుషులు వచ్చారు. ఉన్న ఒక్క రోగినీ పొద్దున్నే బండి పంపి తెప్పించి, వేదిక మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పరుగెత్తే వీలెక్కడిది? చల్లని పందిరి కింద, మజ్జిగ తాగుతూ, ఉపన్యాసాలు వింటూ కూర్చుంటే ఎవరి గుండె అయినా నిద్రపోక ఏం చేస్తుంది? చివర్లో డాక్టరు అందరి ముందూ గొట్టం పెట్టి విని, లేచి ప్రకటించాడు: "సంపూర్ణంగా నయమైంది! ఇక ఈమెకు మందు అవసరం లేదు."

చప్పట్లు మారుమోగాయి. గంగక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నయం కాలా సామీ! మందు ఆపొద్దు!"

"ఇంకొకరికి దక్కనీలేమ్మా," అన్నాడు శెట్టి ముద్దుగా మందలిస్తూ. ఆ ఇంకొకరు ఎక్కడున్నారో ఆ మారాజుకే తెలియాలి.

గంగక్క పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసింది. మందు లేకపోతే ఏమవుతుందో అతనికీ తెలుసు. ఏడాదిగా తన మీద పడ్డ నవ్వులన్నీ ఆ చూపులో ఉన్నాయి.

కంబన్న గుదియ గుంజకు ఆనించి, జనాన్ని తప్పించుకుంటూ వేదిక ముందుకు వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. అర్ధరాత్రి దొంగల గుంపులోకి దూకినప్పుడు కూడా అతనికి అంత భయం వేయలేదు.

"శెట్టీ, జబ్బు దానిది కాదు. నాది. గుండె లేంది నాకు. ఆ మందు తాగుతాండేది నేనే."

గంగక్క దణ్ణం పెట్టినట్టు చేతులు జోడించింది. అయిపోయింది, గండం గడిచింది అనుకుంది.

వెనకనుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ తర్వాత పందిరి ఎగిరిపోయేటట్టు చప్పట్లు, ఈలలు!

రామకోటయ్య శెట్టి కళ్లు తుడుచుకుంటూ లేచాడు. "చూసినారా అయ్యా! పెండ్లాం మందు ఆపుతారని, నిండు సభలో నాకు గుండె లేదని చెప్పుకుండె! ఈ సీమలో ఇంకెవడికన్నా ఉండాదా ఆ ధైర్యం? ఇదప్పా గుండె అంటే!" పెద్దమనుషుల కోసం తెచ్చిన పూలదండ తీసి కంబన్న మెడలో వేశాడు. ఆ సంవత్సరం పత్తికొండ బండ్లకు కూడా కావలి అతనికే ఇస్తున్నట్టు అక్కడికక్కడే ప్రకటించాడు.

"నిజంగానే చెప్తాండాడు సామీ!" గంగక్క డాక్టరు చేయి పట్టుకుంది. "ఒక్కసారి ఆ గొట్టం పెట్టి చూడండి, మీ కాళ్లు మొక్కుతా!"

"కంబన్న గుండెకా?" డాక్టరు పకపకా నవ్వాడు. "ఎంత మాటమ్మా! శెట్టిగారు నన్ను బతకనిస్తారా?" గొట్టాన్నీ, మందు సీసానూ సంచిలో పెట్టుకుని పెద్దమనుషులతోపాటు భోజనానికి వెళ్లాడు.

గంగక్క మొగుడి దగ్గరికి పరుగెత్తింది. "ఇంకోసారి చెప్పు మామా! గట్టిగా చెప్పు, నమ్మేదాకా చెప్పు!"

చుట్టూ జనం అతని భుజాలు తడుతున్నారు. కంబన్న ఊపిరి అందక ఒక నిమిషం నిలబడ్డాడు. ఆ ఆయాసాన్ని కూడా వాళ్లు గర్వమనుకున్నారు. అతను దండ సర్దుకుని, మీసం మీద చేయి వేశాడు.

"ఒకసారి చెప్పినా గదే. నమ్మకపోతే నేనేం జేసేది?"

గంగక్కకు ఆ క్షణంలో అతణ్ణి చావబాదాలనిపించింది. ఆ బతికున్న మొహం చూసి చేతులు రాలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తాండాది పాపం అని పక్కనున్న ఆడవాళ్లు ఆమెకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు.