గానవి పడుకునే వేళ

గానవి క్లాసులో నిద్రపోతోందని అలమేలు మిస్ ఫోన్ చేసింది. ఆ నెలలో అది మూడోసారి. తల్లి ప్రేమ మల్బరీ తోటలో ఆకు కోస్తున్నదల్లా మోపు గట్టు మీద పెట్టి, అత్తకు చెప్పి, పన్నెండు గంటల బస్సుకు కామసముద్రం స్కూలుకు పోయింది. సీటు దొరకగానే ఆమెకే కునుకు పట్టింది. కండక్టర్ లేపకపోయుంటే స్టాపు దాటిపోయేది.

మిస్ స్టాఫ్ రూములో కుర్చీ చూపించింది. "రాత్రి ఎన్ని గంటలకు పండుకుంటాదమ్మా పాప?"

"పది అయితాది మిస్." నిజానికి పదకొండు దాటుతుంది.

"ఎనిమిదేళ్ళ బిడ్డ. ఆరున్నరకు వ్యాన్ ఎక్కల్లంటే ఐదున్నరకన్నా లేవల్ల. ఎనిమిదిన్నరకంతా పండుకోబెట్టండి. స్కూలున్న రోజులన్నా."

"సరే మిస్" అంది ప్రేమ. ఎక్కడ పడుకోబెట్టాలో కూడా అడుగుదామనుకుంది గానీ, ఇంటి సంగతంతా విప్పి చెప్పే ఓపిక లేకపోయింది.

ఆ ఇంట్లో ఉన్నది ఒక వంటగది, ఒక హాలు. హాలు నిండా స్టాండ్లు, స్టాండ్ల నిండా పట్టుపురుగుల తట్టలు. తను పనిచేసే బంగారు గనులు మూసేశాక మామ సొన్నప్ప ఊరికి తిరిగొచ్చి ఉన్న ఎకరంలో మల్బరీ పెట్టాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. భర్త అంబరీష్ నర్సాపురంలో ఒక ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్టు చేసి, ఇల్లు చేరేసరికి పన్నెండవుతుంది. అత్త చిక్కమ్మకు మోకాళ్ళు పట్టేశాయి, ఎక్కువసేపు నిలబడలేదు. ముసలామె, ప్రేమ, గానవి తట్టల మధ్య సందులో చాప పరుచుకుని పడుకుంటారు. పది గంటల మేత వేసేదాకా లైటు తీసేది లేదు. తట్టలు ఒక్కొక్కటే లాగి ప్రేమ ఆకు పరుస్తుంటే, గానవి బుట్టతో ఆకు అందిస్తుంది. ఆ పని ఎవరూ చెప్పింది కాదు. తల్లి నింపాదిగా మాట్లాడేది ఆ ఒక్క గంటే అని పిల్లే వచ్చి నిలబడడం మొదలుపెట్టింది.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకు ప్రేమ చాప పరిచింది. "ఇంగ పండుకో పాపా. మిస్ చెప్పింది."

"లైటు కండ్లలో పడతాది కదమ్మా."

కొంగు చిరిగిన పాత చీర ఒకటి ముఖం మీద కప్పింది. కాసేపటికి చీర కింది నుంచి గొంతు వచ్చింది. "నీకు ఆకు ఎవరందిస్తారు?"

"నేనే తీసుకుంటాలే. పండుకో."

రెండు రాత్రులు అట్లా జరిగింది. పిల్ల కళ్ళు మూసుకోవడమే గానీ నిద్రపోలేదు. మూడో రాత్రి తొమ్మిదిన్నరకు లేచి వచ్చి బుట్ట పట్టుకుంది. ప్రేమ పొమ్మనలేదు, తట్ట లాగింది.

గురువారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. సాయంత్రం కోసిన ఆకంతా తడిసింది. తడి ఆకు తింటే పురుగుకు జబ్బు చేస్తుంది గనక ప్రేమ దాన్ని వరండాలో గోనెల మీద ఆరబోసింది. రాత్రి మేతకని ఉదయం కోసిన పొడి ఆకు వంటగదిలో పెట్టింది. పాలు పితికి, అన్నాలు పెట్టి, ఎనిమిదిన్నరకు గానవిని జోకొడుతూ గోడకు చేరగిలబడింది.

కళ్ళు తెరిచేసరికి పాలవ్యాన్ హారన్ వినిపిస్తోంది. ఐదయింది. లైటు వెలుగుతూనే ఉంది. పది గంటల మేత తప్పిపోయిందనుకుంటూ లేచి చూస్తే, తట్టలన్నింటిలో ఆకు ఉంది. పై వరస తట్టల కింద స్టూలు ఉంది. బుట్ట పక్కనే నేల మీద గానవి నిద్రపోతోంది. జుట్టులో ఆకు ముక్కలు. వంటగదిలో పొడి ఆకు పెట్టింది పెట్టినట్టే ఉంది. వరండాలో గోనెలు ఖాళీ.

"నేనొచ్చేటప్పటికి ఆకు ఏసే ఉన్నింది. నువ్వే ఏసినావనుకుని, లైటు గూడా ముట్టకుండా పండుకున్నా" అన్నాడు అంబరీష్, నిద్ర కళ్ళతో.

ప్రేమ పిల్లను లేపింది. "నన్నెందుకు లేపలేదు?"

"మూడు సార్లు పిలిచినాను. నువ్వు లేవలే. మళ్ళా పిలవబుద్ధి కాలే."

ప్రేమ తడి ఆకంతా ఏరి పారేసి, పొడి ఆకు వేసింది. కానీ వాన నాలుగు రోజులు వదల్లేదు. ఇల్లంతా చెమ్మ. సోమవారానికి పురుగులు మేత మానేసి, పసుపుపచ్చగా ఉబ్బాయి. మంగళవారం సగం తట్టల పురుగులను పెరట్లో గుంట తీసి, సున్నం చల్లి పూడ్చేశారు.

"తడాకు ఏస్తే ఇంగేమైతాది" అంది చిక్కమ్మ. ఎవరినీ తిట్టాలని అనలేదు. కానీ గానవి అక్కడే ఉంది.

ఆ రాత్రి గానవి ఎవరూ చెప్పకుండానే ఎనిమిదిన్నరకు పడుకుంది. పదయినా కళ్ళు తెరిచే ఉంది. "అమ్మా, అన్నీ నావల్లే సచ్చిపోయినాయా?"

"లేదు. రేష్మె ఆఫీసాయన వచ్చి పురుగుల్ని చూసినాడు కదా. ఒక పూట తడాకుకు ఇంత కాదన్నాడు. ఈ వానకు మూడు ఊర్లలో ఇట్లే ఉండాదంట."

ప్రేమ పిల్ల పక్కన పడుకుని, చేతి మీద చెయ్యి వేసింది. "మేత ఏయాల్సింది నేను. నిద్రపోయింది నేను. నీది కాదు పాపా ఆ పని. నీతో చేయించుకున్నానే, అది నా తప్పు."

ఆదివారం అంబరీష్ ఇంట్లో ఉన్నప్పుడు ప్రేమ ముందుగా అనుకున్న మాట చెప్పింది. "వచ్చే పంటకు సగమే పెడతాం. ఆ గోడ పక్క స్టాండు తీసేస్తే పాపకు మంచం పడతాది. అడ్డంగా దుప్పటి కడతా. ఎనిమిదిన్నరకు దానితోపాటే నేనూ పండుకుని, మూడున్నరకు లేస్తా. రాత్రి మేత నువ్వొచ్చినాక ఏయి."

"ఎనిమిది గంటలు నిలబడి వస్తాను ప్రేమా."

"తెలుసు."

అతను లేచి, గోడ పక్క స్టాండు విప్పడం మొదలుపెట్టాడు.

"ఇంటి ఆడది ఎనిమిదిన్నరకే పండుకుంటే ఊర్లో ఏమనుకుంటారు" అని గొణిగింది చిక్కమ్మ. సాయంత్రం ముసలామే మళ్ళీ అంది, "కింద వరసవి నేను కూర్చుని ఏస్తాలే. పైవి వాడు చూసుకోనీ."

కొత్త పంట మొదలయ్యాక కూడా పిల్లకు వెంటనే నిద్ర అలవాటు కాలేదు. తల్లి ముందు నిద్రపోయేది. పిల్ల దుప్పటి పక్కకు జరిపి, తట్టలు చూసి వచ్చేది. ఒకసారి అంబరీష్ వచ్చేసరికి ఆకు మోపు దగ్గర కూర్చుని ఉంది. అతను కోప్పడలేదు. ఒక ఆకు ఆమె చేతిలో పెట్టాడు. "పట్టి చూడు. తడి ఉండాదా?"

"లేదు."

"నేనూ చూసినాను. ఇంగ పో, పండుకో."

తర్వాత రోజుల్లో ఒకటి రెండుసార్లు లేచింది. ఆపైన లేవడం మానేసింది.

మూడు వారాలకు అలమేలు మిస్ మళ్ళీ ఫోన్ చేసింది. పిల్ల మళ్ళీ క్లాసులో నిద్రపోయిందేమో అనుకుంటూ ప్రేమ ఫోన్ ఎత్తింది.

"ఏం లేదమ్మా, చెప్దామని చేసినాను. సోమవారం కొంచెం తూగింది. మిగతా రోజులు బాగుండాది. ఎట్లా చేసినారు?"

"వాళ్ళ నాయన మేలుకుంటాడు మిస్" అంది ప్రేమ.

అంబరీష్ కళ్ళ కింద నల్లగా అయింది. ఫస్ట్ షిఫ్టు ఇమ్మని సూపర్‌వైజర్‌ను అడిగాడు. ఉగాది దాటనీ, చూద్దామన్నాడట. ఉగాదికి ఇంకా రెండు నెలలుంది. ప్రేమ ఆ మాట విని, అతనికి మూడో ముద్ద సంగటి వేసి, చెంబుతో మజ్జిగ పక్కన పెట్టింది.