తెర వెనుక చీటీలు

ఆ దుకాణంలో వెల్డింగ్ మెషిన్ల మీద దుమ్ము తుడవడం ఆమె పని. వాటి గురించి మాట్లాడడం భర్త పని. ఈ పంపకం పెళ్లయిన కొత్తలోనే అత్తగారు ఖాయం చేశారు. "కౌంటర్లో ఆడగొంతు వినిపిస్తే గిరాకీ పోతుందమ్మా." అందుకు ఆధారం ఏమిటని కోడలు అడగలేదు. ప్రయోగం చేయనివ్వని చోట సిద్ధాంతాలు నూరేళ్లు బతుకుతాయని ఆమెకు తెలుసు.

అయితే ఆమె ఊరకే తుడవలేదు. ప్రతి మెషిన్‌తో వచ్చిన పుస్తకాన్నీ అట్ట నుంచి అట్ట దాకా చదివింది. ఆయనకు చదువంటే చిన్నప్పటినుంచీ పడదు. దాంతో పదకొండేళ్లుగా ఒక పద్ధతి స్థిరపడింది: వచ్చినవాళ్లు ప్రశ్న వేస్తారు, ఆయన గంభీరంగా పైకప్పు చూస్తాడు, కౌంటర్ వెనకున్న తెర చాటు నుంచి ఆమె రాసిన చీటీ వస్తుంది, బిల్లు చూస్తున్నట్టు నటిస్తూ ఆయన దాన్ని ఖంగున చదివేస్తాడు. అర్థం సంగతి ఆ తరువాత, అదీ తీరిక ఉంటే. ఆ వీధిలో ఆయన్ని 'ప్రొఫెసర్' అంటారు. ప్రొఫెసర్ గారి చొక్కాలకు ఇస్త్రీ కూడా ఆమే చేస్తుంది.

పోయిన వారం గేట్ల మేస్త్రి వచ్చి, పని తొందరగా తెమిలే మెషిన్ కావాలన్నాడు. ఆమె చీటీ పంపింది: 'పని ఎక్కడో అడగండి.' ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మేస్త్రికి మిగ్ అనే రకం మెషిన్ అంటగట్టాడు. అన్నం దగ్గర కారణం చెప్పాడు: "తెలిసినవాడు ఎక్కడైనా ప్రశ్నలు వేస్తాడటే? పరువు పోదూ!"

ఈ రోజు మేస్త్రి ఒక ఇనుప ముక్కను కౌంటర్ మీద దభీమని పడేశాడు. అతుకు నిండా చిల్లులు.

"ఏం ప్రొఫెసర్ గారూ, నేనడిగింది వెల్డింగా, జల్లెడా? నాలుగో అంతస్తు మీద నీళ్ల ట్యాంకుకి స్టాండు ఇది. కింద పిల్లలు ఆడుకుంటారు. కూలితే నా గతేంటి?"

ఆయన తెర వైపు తిరిగి గొంతు తగ్గించి, "చూశావా నీ చదువు నిర్వాకం!" అన్నాడు. మేస్త్రి వైపు తిరిగి గొంతు పెంచి, "మీ చెయ్యి వణికి ఉంటుంది" అన్నాడు.

ఆమె పెన్ను తీసింది. జవాబు తెలుసు. మిగ్‌లో తీగ దానంతట అదే వస్తుంది, పని చకచకా సాగుతుంది. కాని కరిగిన లోహాన్ని కాపాడే వాయువు సిలిండర్ నుంచి రావాలి, మేడ మీది గాలి దాన్ని ఎగరగొట్టేస్తుంది, అతుకు చిల్లులు పడుతుంది. మామూలు ఆర్క్ మెషిన్ మొరటుది, అతుకు మీద పెంకు కడుతుంది, దాన్ని సుత్తితో రాలగొట్టుకోవాలి. అయితేనేం, కడ్డీకి ఉన్న పూత కాలి తన రక్షణ తానే తయారు చేసుకుంటుంది. ఇక మూడో రకం, టిగ్, ఓపిక గలవాళ్లది, పల్చటి స్టీలుకు: ఒక చేత నిప్పు, మరో చేత కడ్డీ, కాలి కింద పెడల్, చూపు చెదరకూడదు. అది చదివిన రోజు ఆమెకు నవ్వాగలేదు. ఈ విద్యకు మగవాళ్లు సర్టిఫికెట్లు ఇచ్చుకుంటున్నారు. తాను రోజూ పొయ్యి దగ్గర, చంకలో బిడ్డతో చేసింది మరేమిటి?

ఇదంతా చీటీలో పట్టించడం ఆమెకు కష్టం కాదు. ఈసారి పట్టించదలచుకోలేదు. అత్తగారి సిద్ధాంతాన్ని పరీక్షించే వేళయింది. రెండు ముక్కలు రాసి పంపింది.

ఆయన బిల్లు చూస్తున్నట్టు చూసి, అలవాటు కొద్దీ ఖంగున చదివాడు:

"నాకు తెలియదు. మా ఆవిణ్ణి అడగండి."

చదివాక అర్థమైంది. అప్పటికే మేస్త్రి తెర వైపు తిరిగాడు. "ఆ మాటేదో పోయిన వారమే చెప్పొచ్చుగా! అమ్మా, మీరైనా చెప్పండి."

ఆమె బయటికి వచ్చి, తుడిచే గుడ్డ భర్త చేతిలో పెట్టి, ఆయన కుర్చీలో కూర్చుంది.

"మీ చెయ్యి వణకలేదన్నా, గాలి వీచింది. ఆ అతుకులన్నీ కోసేసి ఆర్క్ మెషిన్‌తో మళ్లీ వేయండి. అడగాల్సింది అడక్కుండా అమ్మాం, తప్పు మాదే; మార్చి ఇస్తాం. ఇప్పుడు చెప్పండి, స్టాండు ఇనుము మందం ఎంత?"

లోపలి గదిలోంచి అత్తగారు కేకేశారు: "ఒరేయ్, ఎవరిదిరా ఆ గొంతు? గిరాకీ పోతుందిరా!"

"పోలేదత్తయ్యా," అంది కోడలు, "మేస్త్రిగారు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు."