గాజు జాడీ మూత

అమూల్య వచ్చి ఏడాది కూడా నిండలేదు. అప్పుడే ల్యాబు పెద్ద ప్రభాకరరావు గారి నోట పొద్దస్తమానం ఆ పిల్ల పేరే. నరసరావుపేట కాలేజీ ల్యాబులో వాసంతి ఎన్నేళ్ళుగా చాకిరీ చేస్తోందో ఆ పెద్దాయనకు గుర్తుంటేగా! వాసంతికి ఒళ్ళు మండిపోయేది.

భగభగ మండే వాయువును అయస్కాంతాల నడుమ నుంచి తోసి నేరుగా కరెంటు తీసే యంత్రం ఒకటుంది. ఆ మంటను ఆనుకుని కరెంటు అందుకునే ఎలక్ట్రోడు దేనితో చెయ్యాలన్నదే వీళ్ళ పని. ఇద్దరూ లాంథనం అనే లోహం కలిపి చెరో బిళ్ళ చేశారు. మంటకు రెండూ నిలిచాయి. సోమవారం ఒక్కదాన్నే పెద్ద పరీక్షకు బెంగళూరు పంపుతారు. అది అమూల్యదేనని ల్యాబులో అందరూ అప్పుడే తేల్చేశారు.

శనివారం ముసురు పట్టింది. వాసంతి తన బిళ్ళకు చెమ్మ పట్టకుండా దాన్ని వేడి ఫర్నేసులో ఉంచి టీకి వెళ్ళింది. సంచి కోసం తిరిగొచ్చేసరికి ల్యాబులో ఎవరూ లేరు. బిళ్ళలకు చెమ్మ తగలకుండా దాచే గాజు జాడీ మూత ఓరగా ఉంది. లోపల అమూల్య పేరున్న కాగితం పొట్లం.

వాసంతి పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ పక్కనే పెరిగింది. కాల్చిన రాయికి తడిగాలి తగిలితే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. సరిగ్గా కలవని లాంథనమూ అంతే, పొడైపోతుంది. చెయ్యి మూత దాకా వెళ్ళింది. దాని గొప్పేందో సోమవారం చూద్దాంలే అనుకుని వెనక్కి తీసుకుంది. ఆ పూట ఇంట్లో కడుపునిండా అన్నం తింది.

సోమవారం వెళ్ళేసరికి అమూల్య జాడీ ముందు ఏడుస్తోంది. అడుగున ఉన్న నీలం గుళికలన్నీ చెమ్మ పీల్చి గులాబీ రంగుకు తిరిగాయి. వాసంతికి లోలోపల ఎంత సంబరమో! తీరా చూస్తే, విప్పిన పొట్లంలో అమూల్య బిళ్ళ నిక్షేపంగా ఉంది. దాని పక్కన గుప్పెడు పొడి.

"తప్పు నాదేనక్కా," అంది అమూల్య. "శనివారం నువ్వు టీకెళ్ళినప్పుడు కాసేపు కరెంటు పోయింది. ఫర్నేసులో నీ బిళ్ళకు చెమ్మ తగులుద్దని తీసి నాదాంతో పాటే పెట్టా. మూత సరిగ్గా పడిందో లేదో చూసుకోలా."

"ఊరుకో అమ్మాయ్," అని వాసంతి ఆమె వీపు నిమిరింది. మూత సంగతి దాచుకుని ఆ పొడిని కాగితంలో పొట్లం కట్టింది. వాసంతిది ఎంత మంచి మనసని ప్రభాకరరావు గారు అందరి ముందూ మెచ్చుకున్నారు.

అమూల్య బిళ్ళ బెంగళూరు వెళ్ళింది. వాసంతిని కాల్చుకు తిన్నది మాత్రం అది కాదు. ఇంకొకరి బిళ్ళ పోయిందని అంతలా ఏడవడం తనకు ఈ జన్మలో చేతకాదు. ఆ పిల్లను చూసి దానికీ కుళ్ళుకుంది.