నిక్కరు జేబులో ఇద్దరం

నేను ఒక మడత చాకును. లారీ కమాను పట్టీ ముక్క నా ఒళ్ళు, గేదె కొమ్ము నా పిడి. కడియం దగ్గర ఒక కమ్మరి నన్ను కొలిమిలో కాల్చి, సుత్తితో మోది మనిషిని చేశాడు. చాకును మనిషిని చేయడమేంటని నవ్వకండి. తర్వాత నేను చూసిన మనుషులకంటే నాకే కాస్త నిలకడ ఉంది.

మొదటి యజమాని నాతో తాటాకు చీల్చాడు, కొబ్బరి పీచు కోశాడు, కాలిగోళ్ళు తీసుకున్నాడు. ఆ నాతోనే మామిడిపండు కోసుకుని తిన్నాడు. ముసలితనంలో నన్ను కొడుకు గవర్రాజుకి ఇచ్చాడు. ఇచ్చాడంటే చేతికి కాదు. అరుగు మీద పెట్టాడు, కొడుకు తీసుకున్నాడు. ఉప్పయినా చాకయినా చేతికిస్తే ఇద్దరికీ తగువొస్తుందని మా వైపు పసిపిల్లకి కూడా తెలుసు. పక్క వీధిలో ఒకాయన తమ్ముడి చేతికి కొడవలి ఇచ్చాడు. అప్పటినుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. వాళ్ళ కోళ్ళు కూడా అవతలి పెరట్లోకి వెళ్ళవు.

గవర్రాజు మొక్కల తోటలో మామిడి అంట్లు కడతాడు. మంచి కాపు చెట్టు నుంచి తెచ్చిన పుల్లను నేను చెక్కుతాను. అతని బావమరిది తాతబ్బాయి దాన్ని టెంక మొక్క కాండం చీలికలో దూర్చి ప్లాస్టిక్ పట్టీ చుడతాడు. పని దిగాక ఇద్దరూ ఇంటి ముందు కాలవ గట్టున కూర్చుని ఒకరినొకరు తిట్టుకునేవారు. చేపల పులుసులో వంకాయ వెయ్యొచ్చా కూడదా అని ఒక వానాకాలమంతా వాదించుకున్నారు. ఆ కూర్చోవడం కోసమే గవర్రాజు పొద్దున్నే లేస్తాడని నా నమ్మకం.

ఒకరోజు తాతబ్బాయి రాజమండ్రి వెళ్ళి బావ కోసం ఒక కొత్త చాకు తెచ్చాడు. ఎర్రటి పిడి. లోపల కత్తి, కత్తెర, ఆకురాయి, సీసా మూత తీసేది, పళ్ళు కుట్టుకునే పుల్ల. చాకు కాదది, ఉమ్మడి కుటుంబం. సంబరంలో దాన్ని తిన్నగా బావ అరచేతిలో పెట్టేశాడు.

"ఎంత పని చేశావురా" అన్నాడు గవర్రాజు.

"ఏం బావా, నచ్చలేదా?"

"చేతికిచ్చావు."

తాతబ్బాయి మొహం మాడిపోయింది. పారేద్దామంటే ప్రేమగా తెచ్చింది, అదే ఒక తగువవుతుంది. గవర్రాజు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఒక పని చేద్దాం. పాతదాన్నీ దీన్నీ రోజూ ఒకే జేబులో వేసుకు తిరుగుతాను. వచ్చే తగువేదో అవే పడతాయి. మనకంటకుండా పోద్ది."

"బాగుంది బావా. పాతదానికి కొత్తదంటే ఎలాగూ మంటే కదా."

నన్నెవరూ అడగలేదు. నాకే మంటా లేదు. లుంగీ కింద చారల నిక్కరు, దాని జేబులో మేమిద్దరం. మర్నాటికే కుదురుకున్నాం. అది తన పుల్ల బయటికి తీసి, నా మడతలో పేరుకున్న మామిడి జీడి గోకి పెట్టింది. నేను దానికి కొలిమి కబుర్లు చెప్పాను. పాపం, దాన్ని చేసిన యంత్రం దాని మొహమైనా చూడలేదట.

సాయంత్రం కాగానే తాతబ్బాయి అడిగేవాడు. "కొట్టుకున్నాయా బావా?"

గవర్రాజు మమ్మల్ని బయటికి తీసి గీతలేమైనా పడ్డాయేమోనని తిప్పి చూసేవాడు. "లేదురా. కాపురం చేస్తున్నట్టున్నాయి."

"అయితే తగువింకా బయటే తిరుగుతుందన్నమాట."

దాంతో ఇద్దరికీ భయం పట్టుకుంది. మాట జారకుండా చూసుకోవడం మొదలెట్టారు.

"రేపు వాన పడుద్దంటావా బావా?"

"నువ్వు పడుద్దంటే పడుద్ది."

"నేనేం అనలేదు. నువ్వెలాగంటే అలాగే."

ఆ తర్వాత ఇద్దరూ నీళ్ళకేసి చూసేవారు. గవర్రాజు పెళ్ళాం మంగతాయారు గుమ్మంలోంచి చూసి, "పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టున్నారు. ఒక్కడైనా నోరెత్తండర్రా" అనేది.

తోటలోనూ అదే వరస. ఏ చాకుతో కొయ్యాలని ఒకడు, నీ ఇష్టమని ఇంకొకడు. నీ ఇష్టం కాదు నీ ఇష్టమనుకుంటుంటే చేతిలో పుల్ల వాడిపోయింది. తాతబ్బాయి గట్టుకి రావడం తగ్గించాడు. వచ్చినా కాసేపే. గవర్రాజు ఒంటరిగా కూర్చుని నన్ను తెరిచేవాడు, మూసేవాడు. కోయడానికేమీ లేదు. ఆ అరచెయ్యి నాకు అతని చిన్నప్పటినుంచీ తెలుసు. అంత చల్లగా ఎప్పుడూ లేదు.

చివరికొక సాయంత్రం బావమరిదిని తనే పిలుచుకొచ్చాడు.

"తగువు రాకుండానే మాటలు పోయేలా ఉన్నాయిరా. దీన్ని తిరిగి నీ చేతికే ఇచ్చేస్తాను. ఎలా వచ్చిందో అలాగే పోద్ది."

తాతబ్బాయి చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు. "ఆగు బావా. మళ్ళీ చేతికిస్తే రెండోసారి ఇచ్చినట్టు కదా. తగువు రెట్టింపవదూ?"

"అవదు. దానికీ దీనికీ చెల్లు."

"ముడి మీద ముడేస్తే ఊడుద్దా ఎక్కడైనా?"

"ముడేంట్రా నీ మొహం. తెరిచిన తలుపు మళ్ళీ వేస్తే మూసుకోదా?"

"తలుపంట. నువ్వు కట్టిన అంట్లలాగే ఉంది నీ తెలివి. సగం చచ్చి, సగం బతికి."

"మీ అక్కని కట్టుకున్ననాడే పోయిందిరా నా తెలివి."

"నీకిచ్చిననాడే మా ఇంటి పరువు పోయింది."

మమ్మల్ని గట్టు మీద పడేసి ఇద్దరూ లేచి నిలబడ్డారు. చేతులు తిప్పుతూ, ఒకరి మాట ఒకరు కోసేస్తూ, లుంగీలు ఎగ్గట్టి ఇంటి దారి పట్టారు. మా వైపు వెనక్కి తిరిగి చూడనైనా లేదు. మంచు దిగుతోంది. ఎర్రపిడి దానికి ఏమీ కాదు, నాకు తుప్పు పడుతుంది. పట్టనీ అనుకున్నాను.

గుమ్మంలో మంగతాయారు గొంతు వినిపించింది. "ముందు తినండి. తర్వాత తన్నుకుందురుగాని."

"నువ్వుండవే" అన్నాడొకడు. "నువ్వాగక్కా" అన్నాడొకడు. రెండూ ఒక్కసారే వినబడ్డాయి.