విరగని పిన్ను

ఆటోలోంచి ఇంజను దింపిస్తూ శ్రీదుర్గ నవ్వింది గానీ, అహరోనుకి నవ్వు రాలేదు. గోనెపట్టాలో చుట్టి ఉన్నా ఆ ఇంజనేదో అతనికి తెలుసు. ఏలూరు పొలిమేరలో, వట్లూరు రోడ్డు మీదున్న అతని షెడ్డుకి రోజూ ఏవో ఒక ఇంజన్లు వస్తూనే ఉంటాయి. ఇదొక్కటి మాత్రం రాకూడదని పద్నాలుగేళ్ళుగా కోరుకుంటున్నాడు.

"నాన్న వద్దన్నాడండి బాబాయ్. అయినా తెచ్చేశాను," అంది ఆ పిల్ల. "అమ్మ పోయిన దగ్గర్నుంచీ అరుగు దిగట్లేదు. కొల్లేట్లో పుట్టిన మనిషి పడవెక్కి పద్నాలుగేళ్ళయిందండి! ఎక్కడికెళ్ళాలన్నా గట్టు చుట్టూ తిరిగి నడిచే పోయేవాడు. బోటు బాగుచేస్తే పక్షుల్ని చూడ్డానికొచ్చేవాళ్ళని తిప్పుకుంటాం. అంతకంటే ముందు నాన్న మళ్ళీ మనిషవుతాడు."

"పాతదమ్మా. స్పేరు పార్టులు దొరకవు."

"మీరు అలా అంటారనే, దొరక్కపోతే చేయించుకోవచ్చని కనుక్కునే వచ్చానండి."

గడుసుపిల్ల. అహరోనుకి ఇక చెప్పడానికి సాకు మిగల్లేదు.

శ్రీదుర్గ తండ్రి ఏడుకొండలుతో అతనికి ముప్పై ఏళ్ళ స్నేహం. చేపల చెరువుల జోరు రోజుల్లో ఇంజన్లు బాగుచెయ్యడానికి కొల్లేటి నడుమనున్న వాళ్ళ లంక ఊరికి వెళ్ళి, ఏడుకొండలింట్లో కొర్రమేను పులుసు తిని, ఆ ఇంటి మనిషైపోయాడు. ఏడుకొండలు మోటారుబోటుకి ఆ ఇంజను బిగించింది కూడా అతనే.

అటువంటి ఇంజన్లకి నీళ్ళలో తిరిగే పంకా దగ్గర చిన్న ఇత్తడి పిన్ను ఒకటుంటుంది. పంకాకి నీళ్ళమీది గుర్రపుడెక్క కలుపు చుట్టుకుందంటే ఆ పిన్ను పుటుక్కున విరుగుతుంది, లోపలి గేరు పళ్ళు బతుకుతాయి. డెక్క పీకేసి ఇంకో పిన్ను పెట్టుకుంటే పది నిమిషాల్లో మళ్ళీ బయల్దేరొచ్చు. విరగడమే దాని ఉద్యోగం. కానీ కొల్లేరు నిండా డెక్కేనాయె! రోజుకి రెండేసి పిన్నులు విరిగేవి. విరిగినప్పుడల్లా ఏడుకొండలు సణిగేవాడు. "అహరోను గారి ఇంజను డెక్కని చూస్తే మూర్ఛపోద్దండోయ్!" అని లంకలో జనం ఆటపట్టించేవారు. అదిగో, అక్కడ పొడుచుకొచ్చింది మనవాడికి పౌరుషం. ఓ రోజు ఎవరికీ చెప్పకుండా స్టీలు బోల్టు ముక్క కోసి ఆ కన్నంలో దిగ్గొట్టాడు. "ఇక విరిగితే నా పేరు మార్చుకుంటాన్రా కొండలూ," అన్నాడు. విరగలేదు. మా అహరోను చెయ్యంటే చెయ్యేనని ఏడుకొండలు నాలుగు నెలలపాటు ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ ఏడు వరదల్లో ఏడుకొండలు బావమరిది జగ్గారావుని పాము కరిచింది. ఏడుకొండలు భార్య వెంకటనరసమ్మకి వాడు ఒక్కడే తమ్ముడు. తల్లి పోతే చంకనేసుకుని పెంచింది. ఊళ్ళోంచి దారి మునిగిపోయింది. బోటు మీద అరగంటలో పెద్దగట్టు చేరితే అక్కడ జీపుంది. తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది వెంకటనరసమ్మ. ఏడుకొండలు ఇంజను హోరెత్తించాడు. డెక్క అడ్డొచ్చినా జోరు తగ్గించలేదు. "నెమ్మదండీ, ఏవండీ, నెమ్మదీ!" అని ఆవిడ అరుస్తూనే ఉంది. ఇంజను లోపల ఏదో ఫెళ్ళుమంది. పంకా ఆగిపోయింది. ఆ డెక్కలో గెడ వేసి తోసుకుంటూ గట్టు చేరేసరికి రెండు గంటలు పట్టింది. జగ్గారావు దారిలోనే పోయాడు.

"నా తమ్ముణ్ణి మీ దూకుడే చంపేసిందండి," అంది వెంకటనరసమ్మ. మళ్ళీ ఆ మాట అనలేదు. అసలు ఆ తరవాత మొగుడితో ఏ మాటా మనసిచ్చి అనలేదు. ఏడుకొండలు కూడా అదే నమ్మాడు. బోటుని గట్టెక్కించి తాటాకులు కప్పేశాడు. ఏటేటా జగ్గారావు పోయిన రోజున అహరోను భుజం మీద పడి, "నేనే చంపేశాన్రా," అని కుళ్ళికుళ్ళి ఏడ్చేవాడు. "ఊరుకోరా, ఊరుకో," అని వీపు నిమిరేవాడు అహరోను.

స్టీలు పిన్ను సంగతి గుర్తు లేకనా? బ్రహ్మాండంగా గుర్తుంది. విప్పి చూస్తేగానీ ఎలా తెలుస్తుందని మనసుకి సర్దిచెప్పుకునేవాడు. పోనీ ఓసారి విప్పి చూడకూడదా అని ఎవరైనా అంటే, చేతినిండా పనుందనేవాడు. ఇంతకంటే పిరికితనం ఎక్కడైనా ఉంటుందాండీ?

నిరుడు వెంకటనరసమ్మ ఏలూరులో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు చూడబోయాడు. "అన్నయ్యగారూ, ఆయన్ని క్షమించేద్దామనే చూశానండి. నా వల్ల కాలేదండి," అందావిడ. మాట నోటిదాకా వచ్చింది. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, రెస్టు తీసుకో," అని బత్తాయిలు బల్లమీద పెట్టి వచ్చేశాడు. నాలుగో రోజున ఆవిడ పోయింది.

శ్రీదుర్గ వెళ్ళిపోయాక అహరోను షెడ్డు తలుపు దగ్గరగా వేసుకుని గేరుపెట్టె విప్పాడు. నల్లగా ముద్దకట్టిన గ్రీజులో గేరు పళ్ళు నూకల్లా రాలి ఉన్నాయి. పిన్ను మాత్రం చెక్కుచెదరలేదు. పెట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. అదే ఇత్తడిదయితే పది నిమిషాల్లో బయల్దేరేవారు. పది నిమిషాలు! ఆ ముక్క చేతిలో పట్టుకుని ముక్కాలిపీట మీద అలా కూలబడిపోయాడు.

మధ్యాహ్నం అన్నం ముట్టకుండా కూర్చుంటే ఏమైందని భార్య దానమ్మ అడిగింది. మొత్తం చెప్పేశాడు.

"ఇదివరకే తెలుసాండీ మీకు?"

"అనుమానం."

"అనుమానం ఉండి, ఇన్నేళ్ళూ వాళ్ళింట్లో అన్నం ఎలా తిన్నారండీ?"

అతను కంచంలోకి చూస్తూ, "కొత్త గేర్లు వేసేస్తే ఎవరికీ తెలీదే," అన్నాడు మెల్లిగా.

"తెలీదండి," అంది దానమ్మ. కంచం తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

తాడేపల్లిగూడెంలో లేతు మిషను ఉన్న బుచ్చిబాబు చేత గేర్లు చేయించాడు. కార్బొరేటరు కడిగాడు, ప్లగ్గు మార్చాడు. ఇత్తడి కడ్డీ కొని పిన్ను తన చేత్తోనే కోశాడు. ఆదివారం చర్చి అయ్యాక, చెప్పేద్దామనే లంకకి వెళ్ళాడు. తీరా చూస్తే ఏడుకొండలు బోటు బోర్లించి, చొక్కా విప్పేసి, పాత తారు గీకుతున్నాడు!

"ఈ పిల్ల పోరు పడలేకపోతున్నాన్రా," అన్నాడు నవ్వుతూ. "నేను ఎక్కేది లేదనుకో. బోటన్నా బాగుపడనీ."

వాడు అలా నవ్వి ఎన్నాళ్ళయిందో! చెప్పబుద్ధి కాలేదు. పై ఆదివారం చెబుదాంలే అనుకున్నాడు. పై ఆదివారం పుచ్చిన పలకలు మార్చారు. ఆ పై ఆదివారం సందుల్లో దూది కూరి, మరిగించిన తారు పూశారు. ఏడుకొండలు కూనిరాగం తీస్తుంటే అహరోను ప్రాణం విలవిల్లాడిపోయేది. అయినా నోరు తెరవలేదు.

నాలుగో ఆదివారం బోటుని నీళ్ళలోకి తోశారు. అహరోను ఇంజను బిగించి తాడు లాగాడు. నాలుగో లాగుకి అందుకుంది. శ్రీదుర్గ ఎగిరి గంతేసి బోటెక్కి, "రా నాన్నా, ఎక్కు!" అని చెయ్యి చాపింది.

ఏడుకొండలు మోకాళ్ళ లోతు దిగి, బోటు అంచు పట్టుకుని, ఆగిపోయాడు.

"నావల్ల కాదమ్మా. మీ మావయ్యని చంపిన చేతులివి. నువ్వు తోలుకో."

"మీరైనా చెప్పండి బాబాయ్!" అంది శ్రీదుర్గ ఏడుపు గొంతుతో.

అహరోను ఇంజను ఆపేసి నీళ్ళలోకి దిగాడు.

"నీ దూకుడు కాదురా కొండలూ. ఇత్తడి పిన్ను ఉండాల్సిన చోట నేను స్టీలుది పెట్టాను. నీకు చెప్పలేదు. డెక్క చుట్టుకున్నప్పుడు అది విరగలేదు, గేర్లు పోయాయి. ఇత్తడిదే ఉంటే పది నిమిషాల్లో కదిలేవాడివి. జగ్గారావు పోవడం నా వల్లరా."

ఏడుకొండలు బోటు అంచు వదిలేసి అతనివైపు తిరిగాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"విప్పింది మొన్నేరా."

"నేనడిగింది అది కాదు."

అహరోను తల దించుకున్నాడు. "జగ్గారావు పోయిన రోజునే అనుకున్నాను."

"పిన్నుదేముందిరా," అన్నాడు ఏడుకొండలు. గొంతు పెంచలేదు. "మాటిమాటికీ విరిగిపోతోందని నిన్ను వేపుకు తిన్నది నేనే. ఏదో చేశావు. కానీ ఏటేటా నీ భుజం మీద పడి ఏడిస్తే, ఊరుకో అన్నావు గదరా! నరసమ్మ పోయేదాకా నా మొహం చూసి ఒక్కసారి నవ్వలేదు. నాకు చెప్పకపోతే మానె. దానికి చెప్పొచ్చు గదరా. ఆసుపత్రిలోనైనా చెప్పొచ్చు గదరా!"

"తప్పేరా. నన్ను క్షమించరా."

ఏడుకొండలు అతని వంక చూశాడు. తరవాత బోటు అంచు మీద చెయ్యి వేసి ఒక్క ఊపున పైకెక్కాడు. ఏడుస్తున్న కూతురి తల ఓసారి నిమిరి, ఇంజను దగ్గర కూర్చుని, తాడు లాగాడు. ఇంజను అందుకుంది. బోటు నాలుగు బారలు వెళ్ళాక వెనక్కి తిరిగాడు.

"నాలుగింటికి ఏలూరు బస్సుంటుందండీ, అహరోను గారూ," అన్నాడు. "జాగ్రత్తగా వెళ్ళండి."

ముప్పై ఏళ్ళలో ఏడుకొండలు తనని అండీ అనడం అదే మొదలు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, "అలాగేనండి," అన్నాడు అహరోను.